ఈ ముఖం ఇదివరకే హాజరైనది

మా ఎర్రదిన్నెపాడు హైస్కూల్లోకి 'ముఖదర్శిని' ప్రవేశించిన రోజున పిల్లల హాజరు వేసే బాధ్యత నా మీద పడింది. నేను లెక్కల మాస్టారిని. నా పేరు కోటిలింగం. మిగతా మాస్టార్ల కంటే నా వేలు ఫోను మీద కాస్త చురుగ్గా కదులుతుందన్న ఒక్క కారణంతో మా హెడ్మిస్ట్రెస్ వకుళాదేవి గారు నన్ను ఆ యాప్‌కి ఇన్‌చార్జిని చేశారు.

శాఖ పంపిన ఉత్తర్వులో అనుమానాలకి చోటు లేదు. "విద్యార్థి పాఠశాలకు వచ్చినాడా లేదా అను కీలక నిర్ణయమును ఇకపై ఉపాధ్యాయుల మానవసహజ బలహీనతలకు వదలివేయక, కృత్రిమ మేధ ద్వారా మాత్రమే నిర్ధారించవలెను" అన్నారు. చేయవలసిందల్లా పిల్లవాడి ముఖానికి ఎదురుగా ఫోను పట్టుకోవడమే. తెర మీద ముఖం చుట్టూ ఒక గుండ్రటి గీత తిరుగుతుంది. పచ్చబడితే వాడు వచ్చినట్టు. ఎర్రబడితే రానట్టు. ఎదురుగా నిలబడి తుమ్మినా సరే, రానట్టే. మధ్యాహ్న భోజనం, కోడిగుడ్డు, బూట్లు, పుస్తకాలు, చివరికి పబ్లిక్ పరీక్ష, అన్నీ ఆ పచ్చగీతకే ముడిపెట్టారు.

పదో తరగతిలో ఎస్తేరు, రూతు అని కవల పిల్లలున్నారు. తల్లి సుగుణమ్మ మిరపకోతలకు పోయే మనిషి. ఇద్దరూ అచ్చు ఒకేలా ఉంటారు. ఎస్తేరుకి లెక్కలంటే ప్రాణం. రూతు తెలుగు పద్యం చదివితే పక్క క్లాసు పిల్లలు కూడా పాఠం ఆపి వినేవాళ్ళు. ఎస్తేరు ముందుకొచ్చి నిలబడింది. గీత పచ్చబడింది. తర్వాత రూతు నిలబడింది. గీత కాసేపు తిరిగి తిరిగి ఎర్రబడింది. కింద అక్షరాలు వచ్చాయి.

'ఈ ముఖం ఇదివరకే హాజరైనది.'

"ఏమైంది సార్?" అంది రూతు.

"నువ్వు ఇదివరకే వచ్చావంటోంది."

"ఎప్పుడొచ్చాను?"

"ఇందాక. మీ అక్క వచ్చినప్పుడు."

రూతు ఒకసారి అక్కవైపు, ఒకసారి ఫోనువైపు చూసింది. "అయితే నేను లోపలికి పోయి కూచోవాల్నా, బయటుండాల్నా?"

ఆ సంగతి ఉత్తర్వులో లేదు. లోపలే కూర్చోమన్నాను. ఆ రోజు మధ్యాహ్నం ఎస్తేరు పేరు మీద వచ్చిన గుడ్డును వంటామె కత్తితో రెండు ముక్కలు చేసి ఇద్దరికీ వడ్డించింది.

వకుళాదేవి గారు సహాయ కేంద్రానికి ఫిర్యాదు పెట్టారు. వాళ్ళు మాకంటే చురుకైనవాళ్ళు. మర్నాటి ఉదయానికల్లా జవాబు వచ్చింది. "మీ సమస్య విజయవంతముగా పరిష్కరించబడినది. నకిలీ ముఖము అసలు ముఖములో విలీనము చేయబడినది. మీ అనుభవమునకు ఎన్ని నక్షత్రములు ఇచ్చెదరు?"

చూస్తే జాబితాలో రూతు పేరు లేదు. అదే సాయంత్రం హెడ్మిస్ట్రెస్ గారికి తాఖీదు వచ్చింది. లేని విద్యార్థినిని ఉన్నట్టు చూపించి, ఇన్నేళ్ళుగా ప్రభుత్వ అన్నం పెట్టినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపమన్నారు.

విచారణకు మండల విద్యాధికారి త్రిమూర్తులు గారు వచ్చారు. నిజం చెప్పాలంటే ఆయన మంచి మనిషి. గొంతు పెంచి మాట్లాడడం ఆయనకి రాదు. కుర్చీలో కూర్చుని అక్కచెల్లెళ్ళిద్దరినీ ఎదురుగా నిలబెట్టుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇద్దరున్నారు కదా సార్" అన్నారు వకుళాదేవి గారు.

"ఉన్నారమ్మా. నా కళ్ళకి ఇద్దరూ కనపడుతున్నారు. కాని నా కళ్ళకి లాగిన్ లేదు."

సుగుణమ్మ ఆ పూట కూలి మానుకుని వచ్చింది. కొంగులో నుంచి ఇద్దరి ఆధార్ కార్డులూ తీసి బల్ల మీద పెట్టింది. త్రిమూర్తులు గారు వాటిని ముట్టుకోలేదు. "ఆధార్ మనిషికమ్మా. ముఖదర్శిని విద్యార్థికి. మీ అమ్మాయి మనిషి కాదని మేం అనడం లేదు. విద్యార్థిని కాదంటున్నాం."

"ఇద్దర్నీ నేనే కన్నాను సార్. ముందు ఎస్తేరు, దాని ఎనకాల రూతు."

"అదేనమ్మా వచ్చిన చిక్కు. తల్లి ఒకటే, తండ్రి ఒకడే, పుట్టిన తేదీ ఒకటే, ముఖం ఒకటే. ఇన్ని ఒకటైనాక మనుషులు మాత్రం ఇద్దరంటే పైవాళ్ళు ఎట్లా ఒప్పుకుంటారు?"

"ఆ పైవాళ్ళని ఒక్కపూట మా ఇంటికి పంపండి. ఇద్దరికి వండి ఒకళ్ళకే పెట్టి చూడమనండి" అంది సుగుణమ్మ.

ఆయన తల దించుకున్నారు. తర్వాత నా ఫోను తీసుకుని, తనకి తెలిసిన దారులన్నీ వెతికారు. చివరికి ఒక మూల 'ముఖము మార్పు కొరకు అభ్యర్థన' అని ఒకటి కనిపించింది. ఆయన ముఖం వెలిగింది. అది నొక్కితే, మార్పుకి కారణం ఎంచుకోమంది. మొత్తం మూడే కారణాలు ఇచ్చింది. అగ్ని ప్రమాదం, వాహన ప్రమాదం, జంతువు దాడి.

రూతు కొంచెం ముందుకు వంగి తెర మీదకి చూసింది.

"జంతువంటే కుక్క చాలుద్దా సార్?" అని అడిగింది. ఎగతాళికి కాదు, మామూలుగానే అడిగింది.

వకుళాదేవి గారు లేచి, త్రిమూర్తులు గారి ముందున్న టీ గ్లాసు తీసేశారు. ఆయన ఇంకా సగం కూడా తాగలేదు. లేచి, మోటారుసైకిలు ఎక్కి వెళ్ళిపోయారు.

తర్వాత మేం చేయని ప్రయత్నం లేదు. రూతు జడ తీసి రెండు పిలకలు వేశాం. ఎర్రబడింది. మా హిందీ మేడమ్ గారి కళ్ళజోడు పెట్టాం. ఎర్రబడింది. బుగ్గ మీద కాటుకతో పెద్ద చుక్క పెట్టి నిలబెడితే ఫోను కీచుమని అరిచి, 'వేషము ధరించి వ్యవస్థను మోసగించు ప్రయత్నము గుర్తించబడినది' అని జిల్లాకి కబురు పంపింది. ముఖదర్శిని ఎంత గొప్పదో అప్పుడు తెలిసింది మాకు. మనిషి ఏ వేషంలో ఉన్నా పట్టుకోగలదు. ఇద్దరు మనుషుల్ని మాత్రం పట్టుకోలేదు.

చివరికి రూతు పేరు లేకుండానే బడికి రావడం అలవాటు చేసుకుంది. వానాకాలంలో ఎస్తేరుకి విషజ్వరం వచ్చి మంచం పట్టింది. ఆ రోజు రూతు ఒక్కతే వచ్చింది. సరదాకి ఫోను ముందు నిలబడింది. గీత పచ్చబడింది. 'మేకల ఎస్తేరు, హాజరు' అంది ఫోను. నేను దాన్ని కాదనడానికి ఎవరిని? ఎస్తేరు కోలుకునేదాకా రూతే ఎస్తేరుగా హాజరైంది. తర్వాత రూతుకి జ్వరం తగిలింది. అప్పుడు ఎస్తేరు ఎస్తేరుగానే హాజరైంది. తల్లితో కోతకు పోవాల్సి వస్తే ఒకరు పోయేవారు, ఒకరు బడికి వచ్చేవారు. ఆ ఏడాది జ్వరాలతో, వానలతో, కోతలతో ప్రతి పిల్లకీ ప్రతి పిల్లవాడికీ గైర్హాజరు పడింది. ఎస్తేరుకి మాత్రం ఒక్క ఎర్రగీత కూడా పడలేదు.

రాజధానిలో కూర్చుని ఈ పచ్చగీతలన్నీ చూసేవారు అదనపు సంచాలకులు హయగ్రీవరావు గారు. రాష్ట్రమంతటిలో ఏనాడూ బడి మానని ఏకైక విద్యార్థిని మా ఊళ్ళో ఉందని ఆయన కంట పడింది. సత్కరించి వెళ్దామని కారేసుకుని స్వయంగా వచ్చారు. వేదిక కట్టాం. త్రిమూర్తులు గారు పూలగుత్తి పట్టుకుని పక్కన నిలబడ్డారు. మేకల ఎస్తేరు అని పిలిస్తే ఇద్దరమ్మాయిలు వేదిక ఎక్కారు.

హయగ్రీవరావు గారి చేతిలో శాలువా ఒకటే ఉంది. "ఇందులో ఎస్తేరు ఎవరు?" అన్నారు.

"నేను సార్" అంది ఎస్తేరు.

"నేను కూడా సార్" అంది రూతు. "మీవాళ్ళు కలిపేశారు గదా."

త్రిమూర్తులు గారు పూలగుత్తి చాటుకి ముఖం జరుపుకున్నారు. వకుళాదేవి గారు జరిగినదంతా దాచకుండా చెప్పారు. రూతుకి జరిగిన అన్యాయం కూడా చెప్పారు. ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు. ఇప్పటికైనా తప్పు దిద్దుకుంటారని నాకు ఆశ పుట్టింది.

ఆయన కళ్ళు తెరిచి, "అద్భుతం" అన్నారు. "ఒక విద్యార్థి, రెండు మానవ వనరులు. ఒక వనరు వ్యాధిగ్రస్తమైనా రెండవ వనరు ద్వారా హాజరు నిరంతరాయంగా కొనసాగుతోంది. గైర్హాజరు అనే శతాబ్దాల సామాజిక రుగ్మతకు క్షేత్రస్థాయిలో, అందునా ఇంత మారుమూల, పరిష్కారం లభించిందన్నమాట. ఇంత గొప్ప ఆవిష్కరణను మీరు అన్యాయం అంటున్నారేమిటమ్మా?"

శాలువా విప్పి, ఇద్దరినీ దగ్గరగా నిలబెట్టి, ఇద్దరికీ కలిపి ఒకటే కప్పారు. ఫొటోలో వాళ్ళు చలికి ముడుచుకున్నట్టు కనిపిస్తారు.

ఆయన రాజధానికి వెళ్ళిన కొద్దికాలానికే 'జంట విద్యార్థి విధానము' అని ఉత్తర్వు వచ్చింది. ప్రతి బడిలోనూ పోలికలు కలిసే పిల్లల్ని గుర్తించి, ఒక్కొక్క జంటని ఒక్కొక్క విద్యార్థిగా నమోదు చేయాలి. మొదట అన్నదమ్ముల్ని కలిపారు. తర్వాత పిన్ని పిల్లల్నీ పెద్దమ్మ పిల్లల్నీ కలిపారు. పక్క ఊరి బడిలో చుట్టాలు కూడా కాని ఇద్దరు కుర్రాళ్ళు ఒకే వారం తిరుపతి వెళ్ళి గుండ్లు కొట్టించుకొచ్చారు. మళ్ళీ జుట్టు మొలిచేలోపల వాళ్ళని కూడా కలిపేశారు. జిల్లా అంతటా హాజరు నూటికి నూరు పడసాగింది. పిల్లల సంఖ్య మాత్రం సగానికి వచ్చింది. సగం పిల్లలకి ఇంతమంది మాస్టార్లు ఎందుకని శాఖకి సహజంగానే సందేహం కలిగింది. మా ఆవరణలోనే ఉన్న ప్రాథమిక పాఠశాల టీచరమ్మని మిగులుగా తేల్చి వేరే జిల్లాకి పంపేశారు. ఒకటో తరగతికి టీచరు లేకుండా పోయింది.

పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. ఎస్తేరు పేరు మీద హాల్‌టికెట్ ఒకటే వచ్చింది. వకుళాదేవి గారు జిల్లా కేంద్రానికి వెళ్ళి రోజంతా బెంచీ మీద కూర్చుని వచ్చారు. పరీక్ష కేంద్రం గేటు దగ్గర కూడా ముఖదర్శినే ఉంటుంది, గీత పచ్చబడిన ముఖం ఎవరిదైనా తమకి అభ్యంతరం లేదు అని చెప్పి పంపారట. ఆ మాట చెప్పి, వరండాలో కూలబడి, పిల్లల్ని పిలిచారు.

"ఎవరు రాస్తారో మీరే తేల్చుకోండమ్మా. నేను తేల్చలేను."

వాళ్ళు తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. లెక్కలు ఎస్తేరువి. తెలుగు రూతుది. ఇంగ్లీషు, హిందీ, సోషలు కూడా పంచుకున్నారు. సైన్సు దగ్గర పేచీ వచ్చింది. అది ఇద్దరికీ ఇష్టమే.

"సైన్సు నాకియ్యవే. నేను రేపు ఇంటర్లో తీసుకోబోయేది అదే" అంది ఎస్తేరు.

"నేను మాత్రం ఏం తీసుకుంటాను? నాకసలు ఇంటరుందా?" అంది రూతు. "పుట్టేటప్పుడూ నువ్వే ముందు పోయావు. ఫోను ముందుకీ నువ్వే ముందు పోయావు. ఇదొక్కటి నన్ను పోనీ."

ఎస్తేరు తన సైన్సు నోట్సు చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

పరీక్షలు జరిగినన్నాళ్ళూ ఒకరు లోపల రాస్తుంటే, ఒకరు గేటు బయట అరుగు మీద కూర్చుని అదే సబ్జెక్టు పలక మీద రాసుకునేవారు. సైన్సు పరీక్ష రోజున నేను అటు వెళ్తే ఎస్తేరు పలక నిండా ఏదో రాసి, మోచేత్తో తుడిచేసి, మళ్ళీ రాస్తోంది. నన్ను చూసి లేవబోయింది. లేవద్దని చెప్పి వచ్చేశాను.

ఫలితాలు వచ్చాయి. మండలానికి మేకల ఎస్తేరు ప్రథమురాలు. ధ్రువపత్రం వచ్చాక రూతు దాన్ని ముందు తన చేతిలోకి తీసుకుంది. తెలుగు మార్కుల మీద వేలు పెట్టి, "ఇవి నావి" అంది. సైన్సు మీద పెట్టి, "ఇవి కూడా." తర్వాత పైన పేరు చదివి అక్కకి ఇచ్చేసింది. సుగుణమ్మ అది చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఎస్తేరు పట్నంలో జూనియర్ కాలేజీలో చేరింది. ఆ కాలేజీ వేరే శాఖ కిందది. వాళ్ళదీ ముఖం చూసే యంత్రమే గాని, సర్వర్ వేరు. ఇక్కడ మా సర్వర్ నుంచి, పై చదువుకి పోయినవాళ్ళ ముఖాలన్నీ జూన్‌లో తీసేశారు. అది చూసి వకుళాదేవి గారికి ఒక ఆలోచన వచ్చింది. రూతుని రమ్మన్నారు. నేను ఫోను పట్టుకున్నాను. గీత తిరిగింది. పచ్చబడింది.

'నూతన ముఖమునకు స్వాగతము' అంది.

రూతు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తొలిసారి తన పేరు తెర మీద చూసుకుంది. నేను తరగతి అన్నచోట పది నొక్కబోయాను. నొక్కుకోలేదు. 'పూర్వ రికార్డు లేని ముఖమును ఒకటవ తరగతిలో మాత్రమే చేర్చుకొనవలెను' అంది. వయసు పదహారు అని కొడితే తీసుకోలేదు. ఆరు అని కొడితే తీసుకుంది. త్రిమూర్తులు గారికి ఫోను చేస్తే ఆయన చాలా సంతోషించారు.

"పోనీలే మాస్టారూ, మొత్తానికి న్యాయం జరిగింది. అమ్మాయి వ్యవస్థలోకి వచ్చేసింది. ఇక పదేళ్ళు ఓపిక పడితే పదో తరగతి దానంతట అదే వస్తుంది."

అలా రూతు ఒకటో తరగతిలో చేరింది. ప్రభుత్వం వారు బలపం, బొమ్మల పుస్తకం, బూట్లు ఇచ్చారు. ఆ బూట్లు రెండు వేళ్ళకి తొడిగి బల్ల మీద నడిపిస్తే పిల్లలు పడీ పడీ నవ్వారు. టీచరు లేని క్లాసు కాబట్టి మొదటి రోజు నుంచే రూతు వాళ్ళకి అక్షరాలు దిద్దబెట్టడం మొదలుపెట్టింది. ముక్కు చీదించేది, జడలు వేసేది, పద్యాలు చెప్పేది.

కొన్నాళ్ళకి ఆ క్లాసులో చిన్న తేడా గమనించాను. ఒకరోజు పిల్లలు పద్యాలు గొంతెత్తి పాడుతున్నారు. మర్నాడు చింతపిక్కలు పోసుకుని చకచకా కూడికలు చేస్తున్నారు. ఆ మర్నాడు మళ్ళీ పద్యాలు. నాకు అనుమానం వచ్చి వకుళాదేవి గారితో అన్నాను. ఆవిడ అక్కచెల్లెళ్ళిద్దరినీ సాయంత్రం పిలిపించారు. వాళ్ళు దాచలేదు. ఒకరు కాలేజీకి పోయిన రోజు ఒకరు ఒకటో తరగతికి వస్తున్నారు. మర్నాడు తారుమారు. రాత్రికి ఇంట్లో ఇంటర్ పాఠం ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అక్కడా గీత పచ్చబడుతోంది, ఇక్కడా పచ్చబడుతోంది.

"తప్పంటే మానేస్తాం మేడమ్" అంది ఎస్తేరు.

వకుళాదేవి గారు కిటికీలో నుంచి బయటికి చూస్తూ, "నాకేమీ చెప్పకండమ్మా. నేనేమీ చూడలేదు. ఈ బడిలో చూసే పని నాది కాదు" అన్నారు.

దసరా సెలవుల ముందు హయగ్రీవరావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఒకటో తరగతి పిల్లల చదువు తీరు పరిశీలించడానికి. చేతిలో పలకంత టాబ్ పట్టుకుని, అందులో చూసుకుంటూనే క్లాసులోకి నడిచారు. త్రిమూర్తులు గారు వెనకాల వచ్చారు. నేనూ వకుళాదేవి గారూ గుమ్మం దగ్గర ఆగిపోయాం. ఆ రోజు వంతు ఎస్తేరుది. చిన్నపిల్లల మధ్య చాప మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది.

"మేకల రూతు" అని టాబ్‌లో చదివారాయన. "లేచి నిలబడు పాపా."

ఎస్తేరు లేచింది. ఆయన భుజం దాటి ఉంది. ఆయన టాబ్‌ని ఆమె ముఖానికి ఎదురుగా పెట్టారు. పచ్చబడగానే తృప్తిగా తల ఊపారు. ఇంకేమీ చూడలేదు. ఏదైనా చదవమని, చేతికందిన కాగితం ఇచ్చారు. అది ఆయన జారీ చేసిన జంట విద్యార్థి ఉత్తర్వే. 'క్షేత్రస్థాయి', 'నిరంతరాయము', 'విలీనీకరణము' లాంటి మాటలు ఎక్కడా తట్టుకోకుండా ఎస్తేరు గడగడా చదివింది. ఒకచోట లెక్క తప్పుగా వేశారని కూడా చూపించింది.

"విన్నారా త్రిమూర్తులు గారూ" అన్నారు ఆయన, గొంతులో తడితో. "జూన్‌లో చేరిన పసిబిడ్డ. సెప్టెంబరు దాటకముందే ప్రభుత్వ ఉత్తర్వులు చదువుతోంది. అదీ టీచరు అనే మానవ వ్యయం లేకుండా. ఇది ముఖదర్శిని సాధించిన విజయం కాక మరేమిటి? మిగతా ఒకటో తరగతులకి కూడా టీచర్లు అవసరమా అన్నది పునఃపరిశీలించాలి. వెంటనే ప్రతిపాదన తయారుచేయండి."

త్రిమూర్తులు గారు ఎస్తేరుని ఎగాదిగా చూశారు. "అలాగే సార్" అన్నారు.

హయగ్రీవరావు గారు వెళ్తూ వెళ్తూ ఆగి, పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు పెట్టే ముద్దుముద్దు గొంతు పెట్టారు.

"మరి పెద్దయ్యాక నువ్వు ఏం చదువుతావు పాపా?"

"రేపు ఇంటర్ సార్" అంది ఎస్తేరు.

ఆయన బిగ్గరగా నవ్వారు. "భేష్. మరి ఎల్లుండి?"

"ఎల్లుండి మళ్ళీ ఒకటో తరగతి సార్. పిల్లలకి తీసివేతలు మొదలుపెట్టాలి."